నీళ్లు తాగితే గోడ ఇచ్చినట్టే

పెయింటర్ సాబ్ చనిపోయిన సంగతి నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది. జహీరాబాద్ బస్టాండు ఎదురుగా, అల్లం బస్తాలు దించే చోట, రెండు వెదురు బొంగులకు కట్టి ఉంది. నేను బీదర్ బస్సు కోసం నిలబడి, తోచక తలెత్తి చూశాను. ఫ్లెక్సీలో ముప్పాతిక వంతు మా నాయకుడే ఉన్నాడు, జుట్టుకు నల్లరంగు వేసుకొని, రెండు చేతులూ జోడించి. కింద మూలన తపాలా బిళ్లంత ఫొటోలో పెయింటర్ సాబ్ ఉన్నాడు. పక్కన 'ఉద్యమ మిత్రుడికి అశ్రునివాళి' అని అచ్చేశారు. బతికినన్నాళ్లు చేత్తో గోడల మీద రాసిన మనిషి చావును ప్లాస్టిక్ గుడ్డ మీద మిషన్‌తో రాయించారు. ఆయన చూసి ఉంటే ముందు అక్షరాల మధ్య సందు చూసేవాడు. అది ఎక్కడా సరిగ్గా లేదు.

నాకు మాత్రం ఆ మొదటి మాట దగ్గరే ఒళ్లు మండింది. ఉద్యమ మిత్రుడట. ఆ ఒక్క మాట కోసం ఆ మనిషి ఏళ్ల తరబడి తిరిగాడు. తిరిగింది ఇంకెక్కడికో కాదు, నా ఇంటికే. బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు.

ఊరంతా ఆయన్ని పెయింటర్ సాబ్ అనేది. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది, దాన్ని అక్కడే ఉండనిద్దాం. పొట్టి మనిషి. ఎడమ చెవి మీద ఎప్పుడూ ఒక సన్న కుంచె ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తీసి గాల్లో రాసేవాడు. హోటల్లో చాయ్ చెప్పినా సరే, చాయ్ అనే మాటను గాల్లో రాసి మరీ చెప్పేవాడు. పని చేసే పిల్లలు నవ్వేవారు. వాళ్లు నవ్వితే ఇంకాస్త పెద్దగా రాసేవాడు.

సరిహద్దు అవతలి పల్లెలో నాలుగో తరగతి దాకా కన్నడంలో చదివాడట. తెలుగు ఇక్కడికి వచ్చాక సినిమా పోస్టర్లు చూసి పట్టుకున్నాడు. అందుకే ఆయన తలకట్టు తెలుగు తలకట్టులా పైకి లేచేది కాదు, కన్నడంలో లాగా అడ్డంగా పడుకొని ఉండేది. మిఠాయి దుకాణం బోర్డు, టైర్ల షాపు బోర్డు, చెరుకు ట్రాలీల వెనక రాసే దేవుళ్ల పేర్లు, ఎక్కడ తలకట్టు పడుకొని కనిపిస్తే అక్కడ పెయింటర్ సాబ్ చెయ్యి పడ్డట్టే. నేను సర్కారు బడిలో తెలుగు పంతుల్ని. ఊరుకోలేక ఒకసారి ఎగతాళి చేశాను.

"నీ తలకట్టు నిద్రపోతున్నట్టుందే అన్నా?"

"పొద్దంత నేను నిలవడే ఉంట గద సారూ. అదన్న జర పండనియ్యి" అన్నాడు.

మా స్నేహం అక్కడ మొదలైంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చాక అది పనిగా మారింది. మాటలు నావి, రాత ఆయనది. ఊర్లో ఉద్యమాన్ని నడిపించేవాడు మా నాయకుడు. అప్పట్లో ఎరువుల దుకాణం ఉండేది ఆయనకు. ఏ వీధి గోడ కావాలో ఆయన చెప్పేవాడు, నేను రాత్రంతా కూర్చొని నినాదాలు కట్టుకొచ్చేవాణ్ని. పంతుల్ని కదా, ప్రాస లేకుండా నాకు నిద్ర పట్టేది కాదు. పెయింటర్ సాబ్ నా కాగితం చూసి తల గోక్కునేవాడు.

"సారూ, ఇది గోడ. పరీక్ష పేపర్ కాదు. రోడ్డు మీద లారీ డ్రైవర్ సదువాలె. మూడు మాటలు దాటినవంటె వాడు సదాశివపేట దాటుతడు."

ఒకసారి నేను 'ఇన్నాళ్లు గోడలకు చెవులే ఉన్నాయి, ఇప్పుడు నోరు కూడా వచ్చింది' అని గర్వంగా రాసుకొచ్చాను. ఆయన చెవి మీది కుంచె తీసి, గాల్లో ఒక్కొక్క మాటా కొట్టేసుకుంటూ పోయాడు. చివరికి గోడ మీద పడింది 'గోడలకు నోరొచ్చింది' అని రెండు మాటలే. నాకు కొంచెం కోపం వచ్చింది. కానీ ఆ రెండు మాటలే నెల తిరక్కుండా ఊరి నోట్లో పడ్డాయి. ఊరేగింపుల్లో జనం అరుస్తుంటే నేను పక్కవాళ్లకు, 'అది నేను రాసిందే' అని చెప్పుకున్నాను. పెయింటర్ సాబ్ కొట్టేసిన మాటల సంగతి ఎవరికీ చెప్పలేదు.

గోడను ఎంచుకోవడం ఆయన దగ్గర చూడాలి. బక్కెట్ కింద పెట్టి, వేలి కణుపులతో గోడను కొట్టి వినేవాడు, సంతలో కుండ కొనేవాళ్లు కొట్టి చూసినట్టు. తర్వాత అరచేత్తో ఇన్ని నీళ్లు చల్లి గోడ ఎంతసేపట్లో పీలుస్తుందో చూసేవాడు. పీల్చని గోడ వద్దనేవాడు. పీలిస్తే ఆ ఇంటి తలుపు దగ్గరికి పోయి, "అమ్మా, జర నీళ్లియ్యి" అనేవాడు. దాహం ఉన్నా లేకున్నా అడగాల్సిందే. ఇంటావిడ చెంబుతో తెచ్చి ఇస్తే చుక్క మిగల్చకుండా తాగి, చెంబు తిరిగి ఇచ్చి, అప్పుడు పని మొదలుపెట్టేవాడు.

"గోడ కావాలని ముందే అడగొచ్చు కదన్నా, నీళ్లు అడగడమేంది?" అన్నాను ఒకరోజు.

"నేను నీళ్లెందుకడుగుతనో ఊరందరికి తెల్సు సారూ. నీళ్లు తాగితే గోడ ఇచ్చినట్టే. ఇచ్చినోళ్లు మళ్ల తిట్టరు. తాగినోడు ఆ ఇంటికి పాడు మాట రాయడు."

ఒక బట్టల వ్యాపారి ఇంటి ముందు ఇట్లాగే నీళ్లు అడిగితే, లోపలి నుంచి 'నీళ్లు లేవు పో' అని మగ గొంతు వినిపించింది. పెయింటర్ సాబ్ బక్కెట్ ఎత్తుకున్నాడు. మా నాయకుడికి ఆ గోడ కావాలి, నాలుగు రోడ్లు కలిసే చోటది.

"వాడెవడు ఇయ్యడానికి? ఉద్యమం పెద్దదా, వాని గోడ పెద్దదా? రాయి నువ్వు" అని అరిచాడు.

"ఉద్యమం మనదే పటేలా. గోడ వాళ్లది" అని చెప్పి, ఆయన వెనక్కి చూడకుండా నడిచాడు. నాయకుడు బజారంతా వినబడేట్టు తిట్టాడు. మూడు రోజుల తర్వాత ఆ వ్యాపారి భార్యే గుమ్మంలో నిలబడి, పోతున్న పెయింటర్ సాబ్‌ను పిలిచి చెంబు చేతికిచ్చింది. ఊర్లో అన్నిటికంటే బాగా కుదిరిన రాత ఆ గోడ మీదిదే.

నాయకుడు చీకటి పడ్డాక రాద్దామంటే కూడా ఆయన ఒప్పుకునేవాడు కాదు. "రాత్రి రాసేటోడు దొంగ. మనది మనం అడుగుతున్నం, పొద్దుగాల అడుగుదం" అనేవాడు. తెల్లగా వెలుగొచ్చాక, బడి పిల్లలూ పాలవాళ్లూ చూస్తుండగా రాసేవాడు. మొదటి అక్షరంతో మొదలుపెట్టేవాడు కాదు. జానలతో గోడ కొలిచి, నినాదం సరిగ్గా నడిమి అక్షరాన్ని గోడ నడిమిలో వేసి, అక్కణ్నుంచి అటూ ఇటూ పోయేవాడు. అది ఏ మాట అవుతుందో చూడ్డానికి జనం గుమిగూడి పందేలు వేసుకునేవారు. ఆయన చెప్పకుండా నవ్వేవాడు.

రంగు కొనేవాడు కాదు. మొగుడంపల్లి దిక్కు చెలకల్లో ఎర్రమన్ను తెచ్చి, పాత చీరగుడ్డలో జల్లించి, తుమ్మబంక నానబెట్టిన నీళ్లతో కలిపేవాడు. పాళ్లు అడిగితే, "మాట మీరు చూసుకోండ్రి, మన్ను నేను చూసుకుంట" అనేవాడు. ఆ గోడలకు ఆయన ఒక్క పైసా ముట్టలేదు. మా నాయకుడు ఒకసారి ఇవ్వబోతే కుంచె కడుగుతున్న నీళ్లు ఆయన కాళ్ల మీద పోశాడు, చూసుకోలేదన్నట్టు. పైగా ఆ రోజుల్లో బోర్డులు రాయించుకునే దుకాణాల వాళ్లు భయపడి ఆయన్ని పిలవడం తగ్గించారు.

బోర్డుల కింద మూలన పెయింటర్లు పేరు వేసుకుంటారు. ఉద్యమం గోడల మీద ఆయన ఎక్కడా వేసుకోలేదు. భయమా అని అడిగాను.

"పేరు పెడితె నా మాటయితది. పెట్టకుంటె ఊరి మాటయితది" అన్నాడు.

ఇక ఆ రోజు. ఇది చెప్పకుండా ఎన్ని పేజీలు నింపినా లాభం లేదు. చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన ఒక పొడుగాటి గోడ. గోడ వెనక ఇంటి ముసలమ్మ నీళ్లిచ్చింది. పెయింటర్ సాబ్ రాస్తున్నాడు, నేను బక్కెట్ పట్టుకున్నాను, నాయకుడు రోడ్డు మీద నిలబడి లారీలకు చెయ్యి ఊపుతున్నాడు. పోలీసు జీపు వచ్చి ఆగింది. ముగ్గుర్నీ ఎక్కమన్నారు.

"జర ఆగుండ్రి సాబ్. రెండక్షరాలున్నయి" అన్నాడు పెయింటర్ సాబ్.

ఎస్సై ఏమనుకున్నాడో ఏమో, జీపులోనే కూర్చొని చూశాడు. ఈయన రెండక్షరాలూ పూర్తి చేసి, కుంచె కడిగి చెవి మీద పెట్టుకొని, ముసలమ్మ చెంబు ముసలమ్మకు ఇచ్చేసి, అప్పుడొచ్చి జీపెక్కాడు. నేను బక్కెట్ వదలకుండానే ఎక్కి కూర్చున్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఫికర్ జేయకు సారూ, ముగ్గురమున్నం" అన్నాడు.

ఠాణాలో మా నాయకుడు నన్ను పక్కకు పిలిచాడు. "గరీబోడు సారూ. కేసు పెడితె ఆయన బతుకు ఆగమైతది. మనిద్దరి పేర్లు చాలు. కూలికి రాసిండని ఒక కాగితం రాసియ్యి, ఇడ్సిపెడుతరు." నాకు ఆ మాట దయగా వినిపించింది. అప్పట్లో కేసు ఉండటమంటే మెడలో పతకం ఉన్నట్టే, పతకాలు ఇద్దరికే చాలని ఆయన అనుకున్నాడని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఏం చేసేవాణ్నో ఇప్పుడు ధైర్యంగా చెప్పలేను.

నా మంచి దస్తూరీతో రాశాను. 'నేను కూలికి గోడలు రాసే మనిషిని. ఎవరో చెప్పింది రాశాను. ఉద్యమంతో నాకు ఏ సంబంధమూ లేదు.' సంతకం పెట్టమని ఆయన ముందు పెట్టాను. నేను అనుకున్నట్టు చూడకుండా పెట్టలేదు. అక్షరం అక్షరం కింద వేలు పెట్టి చదివాడు. తెలుగు చదవడం ఆయనకు కొంచెం నిదానం. చివరి వాక్యం రెండుసార్లు చదివాడు.

"ఇది అబద్ధం గద సారూ."

"ఇయ్యాల్టికి అబద్ధమన్నా. నువ్వు ఇంటికి పోవాలె గద."

"నేను కూలోన్ని కాదు. మీ ఇద్దరి లెక్క నేను గుడ లోపల కూసుంట."

"నా మాట విను. రాష్ట్రం వచ్చిన తెల్లారే నేనే మళ్ల నిజం రాసిస్త. నా చేత్తోనే రాస్త."

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత చెవి మీది కుంచె తీసి పక్కన పెట్టి, నా కలంతో సంతకం చేశాడు. కన్నడంలో చేశాడు. అది ఆయన సొంత అక్షరం, బళ్లో నేర్చుకున్నది. ఆ సంతకం చేసింది ఠాణా కోసం కాదు, నన్ను నమ్మి చేశాడు.

రాష్ట్రం వచ్చింది. ఊరంతా గులాల్ చల్లుకుంటుంటే ఆయన మాత్రం గ్లాసులో చాయ్ పట్టుకొని, తను రాసిన గోడలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ తిరిగాడు. నేను ఎదురుపడితే గట్టిగా కౌగిలించుకున్నాడు.

"అయిపాయె సారూ. గోడల పని అయిపాయె. ఇగ మీ పని ఉన్నది."

"ఇయ్యాల పండుగన్నా. రేపు రాస్త" అన్నాను.

ఆ రేపు ఎన్నేళ్లు సాగిందో ఆయనకు లెక్క తెలుసు. ఏడాది తిరిగాక ఫంక్షన్ హాల్లో సన్మానం పెట్టారు. కేసులున్న వాళ్ల పేర్లు పిలిచి శాలువాలు కప్పారు. మా నాయకుడి పేరు ముందు, తర్వాత నా పేరు. స్వాగతం గుడ్డ మీద అక్షరాలు రాసింది పెయింటర్ సాబే, నిచ్చెనెక్కి దాని ఊడిన మూల మళ్లీ కడుతున్నదీ ఆయనే. నా పేరు పిలిచినప్పుడు నిచ్చెన మీద నుంచి చూశాడు. నేనూ చూశాను. అక్కడే మైకు పట్టుకొని, నాతో పాటు ఇంకో మనిషి ఉన్నాడు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ రోజు ఇంత రాయాల్సి వచ్చేది కాదు. శాలువా కప్పించుకొని, ఫొటో దిగి, కిందికి వచ్చాను.

ఆ తర్వాత మొదటిసారి ఇంటికొచ్చాడు. జేబులోంచి మడతపెట్టిన తెల్లకాగితం తీసి నా ముందు పెట్టాడు. పెన్ను కూడా ఆయనే తెచ్చుకున్నాడు. నేను చాయ్ తాగించి, రేపు రమ్మన్నాను. ఆయన పోయాక నాయకుణ్ని అడిగాను. అప్పటికి ఎరువుల దుకాణం బావమరిదికి ఇచ్చేసి, తెల్ల కారులో తిరుగుతున్నాడు.

"ఠాణాల రాసిచ్చింది అబద్ధమని నీ చేత్తోనే రాస్తవా? నౌకరి చేస్తున్నవ్, హెడ్మాస్టర్ అయ్యేటోనివి. నీకెందుకు సారూ" అన్నాడు. తర్వాత మామూలుగా ఆ సంవత్సరం చెరుకు సంగతి మాట్లాడాడు. నేనూ చెరుకు సంగతే మాట్లాడి వచ్చాను.

అదే నాయకుడు తన పుట్టినరోజు శుభాకాంక్షలు రాయించుకోవడానికి పాత నినాదాల మీద సున్నం కొట్టించాడు. కొట్టమని పిలిపించింది పెయింటర్ సాబ్‌నే. ఆయన ఇంటింటికీ నీళ్లడిగి తాగి, తను రాసిన గోడలన్నిటికీ తనే సున్నం వేశాడు. ఇంత లొంగిపోయాడా అనుకున్నాను. మొదటి వాన పడింది. సున్నం కిందినుంచి ఎర్రటి అక్షరాలు మళ్లీ బయటికొచ్చాయి. నాయకుడి పుట్టినరోజు మాటల మధ్యలో నుంచి 'నోరొచ్చింది' అని కనబడుతోంది. నాయకుడు ఆయన్ని నడిరోడ్డు మీద నిలబెట్టి, సున్నం పల్చగా కొట్టావని తిట్టాడు.

"సున్నం మంచిగనే కొట్టిన పటేలా. ఎర్రమన్నుల బంకున్నది. అది పోదు" అన్నాడు పెయింటర్ సాబ్, చెవి మీది కుంచె సర్దుకుంటూ. బంక సంగతి ఆయనకు సున్నం కొట్టక ముందే తెలుసు. ఆ తర్వాత మా నాయకుడు గోడలు మానేసి ఫ్లెక్సీలకు మారాడు. ఊరు ఊరంతా మారింది. పెయింటర్ సాబ్‌కు చెరుకు ట్రాలీలు మిగిలాయి.

రెండోసారి వచ్చినప్పుడు నేను లోపలి గదిలో ఉండి, లేనని మా ఆవిడ చేత చెప్పించాను. ఆయన గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆయన చూపు ఎక్కడ పడిందో నాకు లోపలికి వినిపించింది.

"సారు చెప్పులు ఇంట్లనే ఉన్నయమ్మ. ఉత్త కాళ్లతోని పోయినట్టుండు. ఎండ మస్తున్నది, కాళ్లు కాల్తయి. జర జల్ది రమ్మని చెప్పు."

మా ఆవిడ నా చెప్పులు తెచ్చి మంచం కింద పెట్టి పోయింది. నేను మంచం మీద కూర్చొని గోడ వైపు చూస్తూ ఉన్నాను. బయటికి పోయి ఆయన్ని పిలవడానికి నాలుగడుగుల దూరమే ఉంది.

మూడోసారి మొన్నటి ఎండాకాలంలో వచ్చాడు. నేను రిటైరయ్యాను, ఆయన సగమయ్యాడు. చెవి మీద కుంచె లేదు, ఆ చోట ఒక చిన్న గుంత మాత్రం ఉంది. ఉద్యమకారులకు గుర్తింపు కార్డులిస్తారని, కేసు కాగితాలు పట్టుకొని రమ్మంటున్నారని ఊర్లో అనుకుంటున్న రోజులవి. ఆయన దానికోసమే వచ్చాడనుకున్నాను.

"కార్డు రావాలంటె కేసు కావాలె గదన్నా. అండ్ల నీ పేరు లేదు. నేను రాసినా పని కాదేమో" అన్నాను. ఎంత తెలివిగా అన్నానో అనుకున్నాను కూడా.

"కార్డు గిర్డు నాకెందుకు సారూ. ఇంకెన్నొద్దులుంట నేను." జేబులోంచి అదే తెల్లకాగితం తీశాడు. మడతల దగ్గర చిరుగు పట్టి, నాలుగు ముక్కలు కాబోతోంది. "ఠాణాల కాగితం అట్లనే ఉన్నది. నేను కూలోన్నని అండ్ల ఉన్నది. నేను సచ్చిపోయినంక గుడ అదే ఉంటది. నాకు ఉద్యమంతోని సంబంధం లేదట. నేను లేనంటె ఆ గోడలెవరు రాసిన్రు సారూ?"

ఇప్పుడు నాకు పోయేదేమీ లేదు. నౌకరి అయిపోయింది. కానీ రాస్తే, ఇన్నేళ్లు ఎందుకు రాయలేదో కూడా తేలుతుంది. అలమరలో మడతపెట్టిన శాలువా ఎవరికి రావాల్సిందో తేలుతుంది. సిగ్గుతో చచ్చిపోయేలా ఉంది. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"రేపు తప్పకుండ రాస్తన్నా."

ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆ ఎండలో నడిచొచ్చిన మనిషి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసు వైపు చూశాడు కానీ చెయ్యి చాపలేదు.

"వద్దమ్మ. ఈ ఇంట్ల గోడ ఇయ్యరు" అని, మెల్లగా మెట్లు దిగిపోయాడు.

ఆ ఆఖరు చూపు తర్వాత నాకు మళ్లీ ఆయన కనబడింది ఫ్లెక్సీ మీదే. అందుకే బస్సు ఎక్కలేదు. నేరుగా వాళ్ల ఇంటికి పోయాను. అన్ని గోడలకు రాసిన మనిషి ఇంటి గోడ మీద ఒక్క గీత లేదు, ఉత్త సున్నం. ఆయన భార్య నన్ను చూసి ఏడవలేదు. కూర్చోమని కూడా అనలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. గొంతు ఎండిపోయి ఉంది, గటగటా తాగేశాను. తాగాక గుర్తొచ్చింది. అప్పటికి ఆమె నా ముఖమే చూస్తోంది.

"తాగిన్రు గద సారూ" అంది.

"వదినా, ఆ కాగితం ఉందా? ఇప్పుడే రాసిస్త."

"యాడున్నది. ఆయన జేబుల్నే పెట్టి తోలిచ్చినం. తెల్లగనే పోయింది." చెంబు నా చేతిలోంచి తీసుకుంది. "గోడ ఉన్నది. గోడ మీద రాయుండ్రి."

మూలన ఆయన బక్కెట్ ఉంది, అడుగున జల్లించి పెట్టుకున్న ఎర్రమన్ను ఉంది. ఆమె దాంట్లో నీళ్లు పోసింది, నేను కలిపాను. ఈతమట్ట కుంచె తెచ్చి ఇచ్చింది. నేను జీవితంలో గోడ మీద రాయలేదు, నల్లబల్ల మీద రాశానంతే. ఏం రాయాలో మనసులో పొడుగ్గా కట్టుకున్నాను. ఠాణాలో రాసింది, ఎవరు రాయించింది, తప్పు నాదని, అన్నీ. ఇది గోడ సారూ, పరీక్ష పేపర్ కాదు అన్న మాట గుర్తొచ్చింది. 'ఈయన కూలికి రాయలేదు' అని రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, చివరి మాటకు చోటు సరిపోక ఇరుకయింది. నడిమి నుంచి మొదలుపెట్టాలని అప్పుడు గుర్తొచ్చింది.

"ఏం రాసిన్రో సదువుండ్రి" అంది. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాను. వాకిట్లో నిలబడ్డ ఇరుగుపొరుగు వాళ్లు కూడా విన్నారు.

"గిట్లని ఎవరంటున్నరు?" అంది.

"ఊరంటున్నది వదినా. పేరు పెట్టకుంటె ఊరి మాటని అన్న అనేటోడు గద." ఆయన మాట వెనకే దాక్కోవచ్చనుకున్నాను.

"ఠాణాల ఊరు రాయలే సారూ. మీరు రాసిన్రు. పేరు పెట్టుండ్రి."

చెయ్యి ఆగింది. అందరూ చూస్తున్నారు. ఇంటిపేరుతో సహా నా పేరు రాశాను. ఆమె ఆ అక్షరాలను దగ్గరికొచ్చి చూసి, కుంచె తీసుకొని కడగడానికి పోయింది. నేను ఇంటికి నడిచొచ్చాను. ఒంట్లో బరువు తగ్గినట్టుంది. సిగ్గులేకుండా, ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

వారం తిరక్కుండా మధ్యాహ్నం పూట గట్టి వాన పడింది. సాయంత్రం ఫోన్ వచ్చింది. పక్కింటివాళ్ల ఫోన్ నుంచి ఆమే మాట్లాడుతోంది.

"మీరు రాసింది వానకు కారిపోయింది సారూ."

"మొత్తమా వదినా?"

"మొత్తం. మీ పేరైతె మొదలే పోయింది. బంక కల్పలేరు గద. బజార్ల ఆయన రాసినయి ఇంకా ఉన్నయి. నేను పోయి చూసొచ్చిన."

"మళ్లీ రాస్త. ఈసారి తుమ్మబంక కలిపి రాస్త."

"మళ్ల రాయాలంటె మళ్ల నీళ్లు తాగాలె. ఎప్పుడొస్తరు?"

"రేపొస్త వదినా" అన్నాను.

అన్నాక గానీ ఆ 'రేపు' నాకు వినిపించలేదు. అవతల ఆమె మంచిది సారూ అని ఫోన్ పెట్టేసింది.